పందులు లేని ఊళ్ళో ప్లాస్టిక్ తుపాకీ

ఈ తుపాకీ పేలి ఎవరైనా పోతే, పోయేది అడవిపంది కాదు మీరేనని పోలీసు ఆఫీసరు మా నాన్నతో చాలా మర్యాదగా చెప్పాడు. ఏడాదికోసారి లైసెన్సు పొడిగించుకోవడానికి వెళ్ళినప్పుడు తుపాకీని కూడా పట్టుకెళ్ళి చూపించాలి. మా నాన్నది మధ్యలోకి విరిచి ఒక్క తూటా పెట్టే పాతకాలపుది. గొట్టం బాగానే ఉంది. భుజానికి ఆనించే కర్రకే చెద పట్టింది. నాన్న ఆ చెద మీద కిరసనాయిలు పోసి, చీలిన చోట మోటారుసైకిలు ట్యూబు చుట్టి, ట్యూబు మీద రాగితీగ బిగించి, తుపాకీని కాలు విరిగి ఆసుపత్రిలో పడుకున్న మనిషిలా తయారుచేశాడు. ఆఫీసరు దాన్ని బల్లమీద పెట్టి ఒకచోట వేలితో నొక్కాడు. లోపల్నుంచి పొడి రాలింది. కొత్తదైనా కొనుక్కోండి అంకుల్, లేదంటే తుపాకీ, లైసెన్సు రెండూ ఇక్కడే ఇచ్చేసి ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి అన్నాడు.

విశ్రాంతి అన్న మాట మా నాన్నకి బూతుమాటలా వినిపిస్తుంది. బల్లమీది పొడిని అరచేత్తో పోగుచేసి జేబులో వేసుకుని, కొత్తది కొంటానని అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు. ఇంట్లో ఎవర్నీ అడగలేదు. అడగాల్సిన మా అమ్మ స్టేషన్‌కి రాలేదు కాబట్టి ఆ ధైర్యం వచ్చింది.

నేనెందుకు అక్కడున్నానంటే, నలభై దాటినా పెళ్ళికాని కూతురంటే మా ఇళ్ళల్లో జీతం లేని డ్రైవరని అర్థం. మాది మలయ్ దేశంలో సుంగై సిపుట్ అనే ఊరు దాటాక లోపలికి వెళ్ళే దారిలో ఇల్లు. నేను ఇపో వెళ్ళే రోడ్డు మీదున్న రబ్బరు గ్లవుజుల ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. నాన్న చిన్నప్పటినుంచీ ఎస్టేటులో రబ్బరుచెట్లు గీసినవాడు. ఎస్టేటు చేతులు మారినప్పుడు వచ్చిన సొమ్ముతో నాలుగెకరాల పామాయిలు తోట కొన్నాడు. తెలుగు రాయడం నేను గుళ్ళో ఆదివారం తరగతుల్లో నేర్చుకున్నాను. అక్కడ మాకు పంది అనే మాట నేర్పలేదు, వరాహం అని నేర్పారు. వరాహం మీద ఇంత రాయాల్సి వస్తుందని మా పంతులుగారికి తెలిస్తే నన్ను తరగతిలోంచి పంపేసి ఉండేవారు.

ఈ దేశంలో వేర్వేరు జాతులవాళ్ళం ఎంత ఐకమత్యంగా ఉంటామో టీవీలో తరచూ చూపిస్తారు. అందరూ కొత్తబట్టలు కట్టుకుని ఒకరి ఇంట్లో ఒకరు మిఠాయిలు తింటుంటారు. మా వైపు మాత్రం ఐకమత్యాన్ని ఇన్నేళ్ళూ నిలబెట్టింది అడవిపంది. లేత పామాయిలు మొక్క మొవ్వంటే దానికి ప్రాణం. చీకటిపడే వేళకి వచ్చి, ముట్టెతో మొక్కని కుళ్ళగించి, మొవ్వు తినేసి, ఆకులు మనకి వదిలేసి పోతుంది. మా పక్కతోట మలయ్ ఆయనది. ఊరంతా ఆయన్ని హాజీ అంటారు, మేమూ అంతే. ఆయన పందిని ముట్టుకోకూడదు సరే, దాని పేరు కూడా నోటితో అనడు. 'అది వచ్చింది' అంటాడు. అది వచ్చిందంటే నాన్న తుపాకీ తీస్తాడు. పడ్డాక మాంసం వ్యాను వేసుకుని చైనీసాయన వస్తాడు. ఒక తొడ మా ఇంటికి, మిగిలింది ఆయన వ్యానుకి. అందరికీ న్యాయం జరుగుతుంది, పందికి తప్ప.

ఇందులో మా ఇంటి ఆచారం ఒకటి ఉంది. వేట పడిన నేలకి వాటా పంపాలని మా తాత పెట్టిన నియమం. ఆంధ్రాలో ఏ కొండ కిందనుంచో తెచ్చుకున్న నియమం అట, తెచ్చుకున్న సామాన్లలో మిగిలింది అదొక్కటే. హాజీ నేలమీద పడిన పందిలో హాజీకి వాటా ఎలా పంపాలి? నాన్న చాలా ఆలోచించి పరిష్కారం కనిపెట్టాడు. పంది పడిన మర్నాడు బతికున్న కోడిపుంజుని కాళ్ళుకట్టి హాజీ ఇంటికి పంపుతాడు. వాళ్ళు వాళ్ళ పద్ధతిలో కోసుకుంటారు. హాజీ దాన్ని ఏమీ అడక్కుండా పుచ్చుకుంటాడు. హాజీ తోటలో చచ్చిన ప్రతి పందికీ మా పెరట్లో ఒక కోడి చచ్చినట్టేనని అమ్మ గొణుగుతుంది. అడవిలో పందులు తగ్గుతాయో లేదో గానీ నా కోళ్ళు మాత్రం తగ్గుతున్నాయనేది అమ్మ లెక్క.

హాజీ నాన్నని 'అన్నే' అని పిలుస్తాడు. అది తమిళం మాట, మేం తెలుగువాళ్ళమని నాన్న ఎన్నోసార్లు చెప్పాడు. హాజీ ప్రతిసారీ శ్రద్ధగా విని, సరే అన్నే అంటాడు.

నాన్నకి ఆ తుపాకీ అంటే ఏమిటో తెలియాలంటే రబ్బరు గీసే మనిషిని ఎవరూ పేరుపెట్టి పిలవరని తెలియాలి. ఎస్టేటులో ఆయన ఫలానా వరస చెట్ల మనిషి. ఆ తర్వాత అమ్మకి మొగుడు, నాకు నాన్న. తుపాకీ లైసెన్సు వచ్చాకే ఆయనకోసం ఎవరైనా మోటారుసైకిలు వేసుకుని రావడం మొదలైంది. హాజీ వచ్చేవాడు, కొండవైపు దురియన్ పళ్ళతోట చైనీసాయన వచ్చేవాడు, గుడి కమిటీవాళ్ళు కూడా గుడి వెనక అరటితోటలో పందులు పడ్డాయని వచ్చేవారు. నలుగురూ వచ్చి పిలిచే మనిషి కావడమే ఆయనకి కావలసింది. పిలవకపోతే రోడ్డుపక్క కొట్లో తె తారిక్ అనే నురగల పాలటీ తాగుతూ మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకునే ముసలివాళ్ళలో ఆయనా ఒకడు. ఆ బెంచీ మీద కూర్చోవాలంటే నాన్నకి చావుకన్నా భయం.

అందుకని ఒక శనివారం ఇపో వెళ్ళాం. అనుమతి చేతికొచ్చాక మంచిరోజు చూసుకుని వెళ్దామని నాన్న, అసలు వెళ్ళొద్దని అమ్మ. కొట్టు ముందుకి చేరేసరికి రాహుకాలం నడుస్తోంది. తుపాకీ కొనడానికి రాహుకాలం ఏమిటి నాన్నా, చంపడానికే కదా అన్నాను. నాన్న నాకేసి చూడకుండా కారులోనే కూర్చున్నాడు. ఏసీ వేసుకుని, పెట్రోలు తగలేసుకుంటూ, రాహువు దయతలిచేదాకా ఎదురుచూశాం. లోపలికి వెళ్తే ఆ కొట్టు చైనీస్ ముసలాయన వెనక గోడమీద తమిళ కేలండరు వేలాడుతోంది. మీరు ఇప్పుడే వస్తారని తెలుసు, ఇండియన్ గిరాకీ ఎవరూ ఇంతకుముందు దిగరు అన్నాడు, మాకన్నా శుభ్రమైన తమిళంలో.

ఇనుప కటకటాల వెనక తుపాకులన్నీ వరసగా నిలబెట్టి ఉన్నాయి. నాన్న చూపు తిన్నగా వెళ్ళి పైవరసలో ఉన్న రైఫిల్ మీద వాలింది. నల్లగా సన్నగా, మీద దుర్భిణి బిగించి, అమెరికా సినిమాలో జింకల్ని కొట్టేవాడి చేతిలో ఉండాల్సిన సరుకు. అది నీలాంటి తోటమనిషికి ఇచ్చేది కాదు అన్నే, పోటీల్లో కాల్చేవాళ్ళకి, దాని అనుమతి వేరే అన్నాడు ముసలాయన. నీకు ఇదీ అని కిందవరసలోంచి గుళ్ళ తూటా పేల్చే తుపాకీ ఒకటి తీశాడు. అదీ అదే నలుపు. భుజానికానే చోట కర్ర లేదు. ఉండాల్సిన చోట గరుగ్గా, జిడ్డులేకుండా, కొత్త స్కూటరు సీటు కింద ఉండే భాగంలాంటిదేదో ఉంది.

నాన్న వేళ్ళ కణుపులతో దాన్ని తట్టాడు. సంతలో కుండ కొనేటప్పుడు తట్టినట్టు, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. వాసన చూశాడు. తర్వాత నావైపు తిరిగి, ముసలాయనకి అర్థంకాని ఒకే ఒక భాషలో తన అభిప్రాయం చెప్పాడు.

"ఇదేటి అమ్మీ, బకెట్టునాగున్నాది."

ముసలాయనకి తెలుగు రాకపోయినా బకెట్టు తెలుసు. ప్లాస్టిక్ కాదు అని నొచ్చుకుని, దాని గుణగణాలన్నీ చెప్పాడు. వానకి ఉబ్బదు, ఎండకి చీలదు, చెద ముట్టదు, కింద పడ్డా విరగదు, సగం బరువు. మనిషి తయారుచేసిన వస్తువుల్లో ఇంత సద్గుణవంతమైనది ఇంకోటి లేదన్నట్టు మాట్లాడాడు. జీవితకాలం గ్యారంటీ అని కూడా అన్నాడు. ఎవరి జీవితకాలం, నాదా దానిదా అని నాన్న అడిగాడు. ముసలాయన తన వయసూ నాన్న వయసూ మనసులోనే బేరీజు వేసుకుని, తుపాకీదే అని నిజాయితీగా ఒప్పుకున్నాడు.

కర్రది చూపించమంటే చూపించాడు. వాల్‌నట్ కర్ర, మెరుగు పెట్టినది, అందులో మొహం చూసుకోవచ్చు. దాని ధర ఇక్కడ రాయను, రాస్తే మా అమ్మ మళ్ళీ మొదలుపెడుతుంది. నాన్న దాన్ని భుజానికి ఎత్తాడు. ఎత్తి, దించి, మళ్ళీ నల్లదాన్ని ఎత్తాడు. నల్లది చులాగ్గా లేచింది. ఆ తేలికకి ఆయన మొహం ఒక్కక్షణం వెలిగింది, వెంటనే ఆర్పేసుకున్నాడు. కర్రది బరువైందని అనలేదు. రంగు బాగాలేదు అన్నాడు. ఇరవై ఏళ్ళవాడిలా ప్లాస్టిక్ తుపాకీ భుజాన వేసుకుని దుకాణం అద్దంలో తనని తాను చూసుకుంటుంటే, నాకు నవ్వూ వచ్చింది, మీదపడి వాటేసుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. మా ఇళ్ళల్లో రెండూ అలవాటు లేవు.

పాత తుపాకీని స్టేషన్‌లో అప్పగించాం. ఆ ట్యూబూ రాగితీగా మాత్రం విప్పి ఇంటికి తెచ్చుకున్నాడు. మోటారుసైకిలుకి పనికొస్తాయట.

కొత్తది వచ్చేసరికి దసరా వచ్చింది. ఆయుధపూజకి ఇంట్లో ఉన్న ఇనుమంతా బయటికొస్తుంది మాకు. గెలలు కోసే కొడవలి, గడ్డికోసే యంత్రం, నా కారు, అమ్మ మిక్సీ, ఈసారి తుపాకీ. కర్ర తుపాకీకి ప్రతియేటా చేసినట్టే అమ్మ పసుపు ముద్దగా కలిపి, పిడినుంచి చివరిదాకా దట్టంగా రాసి, కుంకంబొట్లు పెట్టి, నిమ్మకాయ కోసింది. కర్రకైతే మర్నాడు తడిబట్టతో తుడిస్తే పోయేది. ఈ గరుకు ప్లాస్టిక్ పసుపుని తాగేసింది. సబ్బు పెట్టాం, చింతపండు పెట్టాం, బట్టల బ్రష్షుతో తోమాం. ఎంత తోమితే అంత లోపలికి పోయింది. వానకి, ఎండకి, చెదకి లొంగని ఆ మహావస్తువు మా అమ్మ పసుపుకి లొంగిపోయింది. నల్లతుపాకీ కాస్తా పచ్చమచ్చల చిరుతపులి అయింది. తుపాకీ భద్రంగా ఉందో లేదో చూడ్డానికి ఒక పోలీసాయన ఇంటికొచ్చి, బీరువాలో అమ్మ పెళ్ళిచీర పక్కన నిలబెట్టిన దాన్ని చూసి, ఇది అడవిలో కనపడకుండా ఉండే రంగా అని అడిగాడు. నాన్న ఔనన్నాడు.

అక్కడితో ఆగలేదు. పాతదానికి శుక్రవారం శుక్రవారం కర్ర ఎండిపోకుండా కొబ్బరినూనె రాసేవాడు. దీనికీ మొదలుపెట్టాడు. ఇది ఎండదు నాన్నా, ఎండనిది కొనుక్కున్నాం కదా అని చెప్పాను. అలవాటు తప్పకూడదు అన్నాడు. రాసిన నూనె రాసినట్టే పైన నిలబడేది. బీరువా తెరిస్తే అమ్మ పెళ్ళిచీరకి తుపాకీ వాసన రాకుండా, తుపాకీకి అమ్మ తలవాసన వచ్చేది.

పూజ అయింది, నూనె అయింది, తూటాలు వచ్చాయి. ఇక పందులు రావడమే తరువాయి. అప్పుడు పందుల జ్వరం వచ్చింది.

ముందు పెంపుడు పందుల దొడ్లలో అన్నారు. తర్వాత అడవిలో అన్నారు. కొండకింద వాగు పక్కన వాసన మొదలైంది. నాన్న ముక్కుకి తువ్వాలు కట్టుకుని వెళ్ళి చూసి వచ్చాడు. ఒక పెద్ద ఆడపంది, దాని చుట్టూ చారలు కూడా పోని పిల్లలు, ఎవరూ కాల్చకుండానే పడి ఉన్నాయట. ఆ రోజు అన్నం తినలేదు. అన్నేళ్ళూ వాటిని చంపిన మనిషి, వాటంతటవి చచ్చిపోతే మైలపట్టినవాడిలా గుమ్మంలో కూర్చున్నాడు. పదకొండోరోజు చెయ్యలేదు, అంతే తక్కువ. అమ్మకి మాత్రం సామెత దొరికింది.

"ఆలు లేదు సూలు లేదు కొడుకు పేరు సోమలింగమని, పందులు సచ్చిపోనాక తుపాకీ కొన్నాడు మీ నాన్న," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది.

తర్వాత మా చుట్టుపక్కల లేతమొక్కలు ఎదిగినట్టు ఎప్పుడూ ఎదగలేదు. హాజీ తోట పచ్చగా నిగనిగలాడింది. మా పెరట్లో కోళ్ళు పెరిగాయి. మనుషులందరికీ సుఖం వచ్చింది. మా ఇంటిముందు మోటారుసైకిలు ఆగడం మానేసింది. దురియన్ తోట ఆయన తోవలో కనపడితే చెయ్యి ఊపి వెళ్ళిపోయేవాడు. గుడి కమిటీవాళ్ళు పందుల కోసం రావడం మానేసి చందాల కోసం మాత్రమే వచ్చారు.

నాన్న మొదట్లో రోజూ సాయంత్రం వాగుదాకా వెళ్ళి జాడలు చూసొచ్చేవాడు. తర్వాత రెండ్రోజులకోసారి. తర్వాత వెళ్ళడం మానేశాడు. నూనె రాయడం కూడా ఒక శుక్రవారం మరిచిపోయాడు. అమ్మ గుర్తుచేసింది. ఎన్నడూ లేనిది, అమ్మ తనంతట తాను బీరువా తాళం తీసి, కొబ్బరినూనె గిన్నె పక్కన పెట్టి, ఇయ్యాల శుక్రవారం అంది. నాన్న ఆ గిన్నెవైపు చూసి, పర్లేదు, అది ఎండదు కదా అన్నాడు. నేను ఇన్నాళ్ళూ వెక్కిరించిన మాటే ఆయన నోట విని, గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

శనివారం పొద్దున్న ఆయన్ని టీకొట్టుకి తీసుకెళ్ళడం నా డ్యూటీ. అప్పటిదాకా టీ తీసుకుని నిలబడే తాగేవాడు. ఆ శనివారం బెంచీ మీద కూర్చున్నాడు. ఏ బెంచీ గురించి చెప్పానో ఆ బెంచీ మీద. ఎదురుగా హాజీ. ఇద్దరూ మలయ్‌లో గెలల ధర గురించి, ఎరువు ధర గురించి, ఎవరి అల్లుడో కొన్న కారు గురించి మాట్లాడుకున్నారు. మధ్యలో నాన్న, సోమవారం స్టేషన్‌కి వెళ్తున్నాను, తుపాకీ ఇచ్చేస్తాను అన్నాడు. ఎందుకూ అన్నాడు హాజీ. పని లేనివాడికి తుపాకీ ఎందుకు, ఆఫీసరు ముందే చెప్పాడు విశ్రాంతి తీసుకొమ్మని అన్నాడు నాన్న, పొడిగా నవ్వుతూ. తుపాకీ గురించి ఆయన నవ్వుతూ మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.  హాజీ అడుక్కి చేరిన పంచదారని చెంచాతో చాలాసేపు కలిపాడు.

నాకైతే హాజీ మీద ఒళ్ళుమండింది. ఇన్నేళ్ళు కాపలా కాయించుకుని, ఇన్ని కోళ్ళు తిని, ఇవ్వొద్దు అన్నే అనే ఒక్క మాటకి నోరు రాలేదని కారులో వస్తూ దారంతా తిట్టుకున్నాను. అవసరం తీరాక అల్లుడు ఏదో కొడుకు అయ్యాడన్న సామెత గుడి తరగతుల్లో పూర్తిగా నేర్పలేదు గానీ అమ్మ నేర్పింది.

ఆదివారం సాయంత్రం, అమ్మ దీపం పెట్టే వేళకి, గేటు ముందు మోటారుసైకిలు ఆగింది. హాజీ దిగలేదు. హెల్మెట్ తియ్యలేదు. గేటు బయటనుంచే అరిచాడు.

"అన్నే, అది వచ్చింది."

నాన్న లుంగీలో ఉన్నాడు. ఆయన లేచిన తీరు చూసి అమ్మ దీపం వత్తి వదిలేసి తాళాలు తీసింది. ప్యాంటు, బూట్లు, తలకి పాత తువ్వాలు. సంతోషంలో కుడిబూటు ఎడమకాలికి తొడగబోయాడు. ఎక్కడ, ఎన్ని, పెద్దదా, పిల్లలున్నాయా అని లోపల్నుంచే ప్రశ్నలు. మూడు మొక్కలు పోయాయి అని మాత్రమే అన్నాడు హాజీ. అమ్మ గుమ్మంలోని నిమ్మకాయ తెచ్చి నా కారు చక్రం కింద పెట్టింది. అన్ని నెలలూ పందులు పోయాయని సంబరపడిన మనిషి, తల్లీ ఒక్కటి పడాలే అని ఏ దేవతకో మొక్కుకుంది.

హాజీ తోటలో దారి పక్కన కారు ఆపాను. రివాజు ప్రకారం హాజీ రోడ్డు మీదే ఆగిపోయాడు. పంది తిరిగిన నేలమీదికి ఆయన రాడు. చేత్తో చూపించి, మొహం అటు తిప్పుకున్నాడు. నేను నాన్న వెనకాల టార్చి పట్టుకుని నడిచాను. ఇంకా వెలుగుంది, టార్చి అక్కర్లేదు. కానీ డ్రైవరు ప్రమోషను వచ్చినప్పుడు వదులుకోకూడదు.

మూడు మొక్కలూ పక్కపక్కనే పడి ఉన్నాయి. నాన్న తుపాకీ తెరిచే ఉంచి, తూటా పెట్టకుండా, మొదటి మొక్క దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మట్టిని వేళ్ళతో తాకాడు. మొక్కని ఎత్తి చూశాడు. రెండోదాని దగ్గరికి వెళ్ళాడు. మూడోదాని దగ్గరికి వెళ్ళి, అక్కడే కదలకుండా ఉండిపోయాడు. ఏమైందో అని నేనూ వంగాను.

నాకు పందుల గురించి తెలిసింది కూరలోనే. అయినా నాకే కనపడింది. మొవ్వులు మూడూ లేతగా, తెల్లగా, ఎవరూ ముట్టకుండా ఉన్నాయి. మట్టి ముట్టెతో ఎగదోసినట్టు లేదు. అంచులు నున్నగా, నిలువుగా, చెక్కినట్టున్నాయి. మూడు గుంటలూ ఒకే కొలత. వేరు ఎక్కడా తెగకుండా, చుట్టూ తవ్వి, జాగ్రత్తగా ఎత్తి, పక్కన పడుకోబెట్టారు. పక్కన చెప్పుల జాడల్ని ఆకుతో ఊడ్చారు కూడా. పాపం హాజీ ఇన్నేళ్ళూ రోడ్డు మీద మొహం తిప్పుకునే నిలబడ్డాడు కదా. పంది తవ్విన గుంట ఎలా ఉంటుందో ఆయన ఎన్నడూ చూడలేదు.

"పందికి పార ఎవులిచ్చినారమ్మీ?" అన్నాడు నాన్న, నాకు మాత్రమే వినపడేలా.

నేను రోడ్డువైపు తిరిగాను. ఏం అరుద్దామనుకున్నానో నాకే తెలీదు. నాన్న నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. ఊరుకో, ఏటీ అనకు అన్నాడు.  నోటితో దాని పేరు కూడా అనని మనిషి, ఆ మధ్యాహ్నమంతా తన తోటలో తన మొక్కల మీద ఒంటరిగా దాని పని చేశాడు. నిన్న కారులో ఆయన్ని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి, నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తున్నట్టు తెలియకుండా మొహం అటు తిప్పుకున్నాను.

నాన్న తూటా పెట్టి తుపాకీ మూశాడు. గాలి ఎటు వీస్తోందో మట్టి జల్లి చూసుకున్నాడు. పాతచెట్టు మొద్దు మీద కూర్చుని, పచ్చమచ్చల పిడి భుజానికి ఆనించి, వాగువైపు గురిపెట్టాడు. నిజంగా పంది వస్తుందంటే ఎలా కూర్చుంటాడో అలాగే కూర్చున్నాడు. దోమలు కుట్టినా కదల్లేదు. రోడ్డు మీద హాజీ దగ్గకుండా ఉండటానికి తంటాలు పడుతున్నాడు. ఆకుల మధ్య వెలుగు పూర్తిగా పోయేదాకా, ఒక తెలుగాయనా ఒక మలయ్ ఆయనా, లేని పంది కోసం ఎంతో నిష్ఠగా కాపలా కాశారు.

చివరికి నాన్న తూటా తీసి జేబులో వేసుకుని రోడ్డెక్కాడు. హాజీ ఇంకా అటే చూస్తున్నాడు. కనపడిందా అని అడిగాడు. పెద్దదే, తెలివైనది, ఈరోజు దొరకలేదు, రేపు సాయంత్రం మళ్ళీ కూర్చుంటానని నాన్న మలయ్‌లో చెప్పాడు. మరి సోమవారం స్టేషనో అన్నాడు హాజీ. ఇంత పెద్దది తిరుగుతుంటే స్టేషన్‌కి ఎవడెళ్తాడు అన్నాడు నాన్న. వెళ్తూ వెళ్తూ ఆగి, వేర్లు తెగలేదు, పొద్దున్నే నాటేస్తే మూడూ బతుకుతాయని చెప్పాడు. హాజీ హెల్మెట్ బకిల్ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

కారులో నాన్న తుపాకీని సంచీలో పెట్టి ఒళ్ళో అడ్డంగా ఉంచుకున్నాడు. ముందు హాజీ మోటారుసైకిలు మెల్లగా వెళ్తోంది, వెనక ఎర్రదీపం గుంటల్లో ఎగిరెగిరిపడుతోంది. నాన్న దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"ఆడి మోకాలు మంచిది కాదు," అన్నాడు. "మూడు మొక్కలు తవ్వడానికి ఎంత తిప్పలు పడినాడో."

నేను కళ్ళు తుడుచుకుని గేరు మార్చాను.

"రేపు ఫ్యాక్టరీ నుంచి బేగా వచ్చీ అమ్మీ. మనం ఎల్లకపోతే ఇంకో మూడు తవ్వీస్తాడు."